చిన్న సవరణ

ఆఫీసు, నాలుగో అంతస్తు
జూన్ 9

బాబాయికి,

నమస్కారం. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ... ఆఁ..." అంటావు, నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటాను, చివరికి పిన్ని ఫోన్ లాక్కుని "ఏంటో నాకు చెప్పవే, పలక మీద రాసి చూపిస్తాను" అంటుంది. ఈ మూడుముక్కలాట కన్నా ఉత్తరమే నయం. తెర చూడొద్దని కళ్ళ డాక్టరు చెప్పాక మెయిల్ పంపినా లాభం లేదు కదా.

అసలు సంగతేమిటంటే, నన్ను నీ పనిలోనే వేశారు. నువ్వు ఇరవై ఏళ్ళ కిందట మొదలుపెట్టి రిటైరయ్యేదాకా సాకిన ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ని మా కంపెనీ కొనేసింది. ఇప్పుడది ఏడు ఆసుపత్రుల్లో నడుస్తోంది. ఫైళ్ళ తలమీద నీ పొడి అక్షరాలు చూడగానే "ఈయన మా బాబాయి, నాకు ప్రోగ్రామింగ్ నేర్పింది ఈయనే" అని పక్క బల్లవాళ్ళ దగ్గర కోతలు కోశాను.

నాకిచ్చిన పని క్వెరీలకి టైపులు పెట్టడం. ఈ ఉత్తరం పిన్ని కూడా చదువుతుంది కాబట్టి ఆవిడకి అర్థమయ్యేట్టు రాస్తాను. ప్రోగ్రాం డేటాబేస్‌ని ఏదైనా అడగాలంటే ఒక ప్రశ్న పంపాలి. అదే క్వెరీ. నీ కాలంలో ఆ ప్రశ్నని కొటేషన్ గుర్తుల మధ్య, అదే కోట్స్ మధ్య, ఒక వాక్యంలా రాసి పంపేవారు. మనం రాసినదాన్ని ముందుగా చదివి తప్పులు పట్టే కంపైలర్ ఉంది చూడు, అది ఎంత చండశాసనురాలైనా కోట్స్ గుమ్మం దాటి లోపలికి రాదు. లోపల ఏ చెత్త ఉన్నా "మీ ఇష్టం" అని ఊరుకుంటుంది. ఆ తప్పు ప్రోగ్రాం నడిచేటప్పుడు బయటపడాలి. అంటే నర్సు ఎదురుగానో, డాక్టరు ఎదురుగానో. నేను చేస్తున్నదేమిటంటే, ఏ టేబుల్లో ఏ గడిలో ఏ రకం సమాచారం ఉంటుందో, అంటే దాని టైపేమిటో, కంపైలర్‌కి ముందే చెప్పి, క్వెరీని కోట్స్‌లోంచి బయటికి లాగి, ప్రోగ్రాం భాషలోనే రాయడం. తేదీ ఇవ్వాల్సిన చోట పేరు ఇచ్చామా, ప్రోగ్రాం తయారే కాదు.

ఇంకో మెట్టు పైకి కూడా వెళ్ళాను. రోగి నంబరు మనిషికి ఒక్కటే, జీవితాంతం. అడ్మిషన్ నంబరు ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ కొత్తది. కానీ కంపైలర్‌కి రెండూ ఉత్త అంకెలే. అందుకని రెంటికీ వేరువేరు టైపులు పెట్టాను. ఇక ఒకదాని చోట ఇంకొకటి పెడితే ఒప్పుకోదు. ఎలా ఉంది?

జవాబు రాయి. పిన్నికి నమస్కారాలు.

నీ కొక్కెం


ఇల్లు, వెనక వరండా
జూన్ 20

చిరంజీవి కొక్కేనికి బాబాయి ఆశీస్సులు.

ప్రశ్నార్థకం గుర్తులా వంగి, ఎవరు దొరికితే వాళ్ళని పట్టుకుని వేలాడతావని పెట్టిన పేరు. ఇన్నేళ్ళకి సార్థకమైంది. ఉత్తరం పిన్ని చదివింది. చదివి, పలక మీద "అంటే మీరు ఇన్నాళ్ళూ చూసుకోకుండా రాశారన్నమాట" అని రాసి చూపించింది. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో నా ఉద్యోగం గురించి ఆవిడ వెలిబుచ్చిన మొదటి అభిప్రాయం ఇది.

నువ్వు చేస్తున్న పని మంచిదే. మా రోజుల్లో అలాంటివి ఉండి ఉంటే నా జుట్టు ఇంకో పదేళ్ళు ఆగేది. కానీ ఒక్క మాట వినమ్మా. నడుస్తున్న బండికి చక్రాలు విప్పకు. కొత్తగా రాసేవాటికి టైపులు పెట్టుకో, కాదనను. పాత ఫైళ్ళ జోలికి పోకు. ఏడు ఆసుపత్రులు వాటిమీద నడుస్తున్నాయంటే ఊరికే నడవడం లేదు కదా. లేని పుండుని గోకి తెచ్చుకోవడం ఎందుకు?

కళ్ళలో రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేస్తున్నారు. మిగతా అంతా మామూలే.

బాబాయి


ఆఫీసు
జూలై 15

బాబాయికి,

నువ్వు వద్దన్న పనే చేశాను. పాత ఫైళ్ళన్నిటినీ కొత్త టైపులతో కంపైల్ చేశాను. నాలుగు వందల పన్నెండు తప్పులు! పక్క బల్లాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

చాలామటుకు నవ్వుకోవాల్సినవే. ఒక రిపోర్టు అసలు టేబుల్లో లేనే లేని గడిని పదకొండేళ్ళుగా అడుగుతోంది. ఆ బటన్ ఒక్కరూ నొక్కలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఒక్కొక్కటే సరిచేసుకుంటూ, పాటలు వింటూ, వారం రోజులు హాయిగా గడిపాను.

మూడు వందల తొంభై ఒకటోది దగ్గర ఆగిపోయాను. రోగిని ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి మార్చేటప్పుడు నర్సు చూసే తెర. ఈ మనిషికి పడని మందులేమిటో అందులో కనబడాలి. ఆ జాబితా రోగి నంబరు కింద ఉంటుంది. ఈ క్వెరీ అడ్మిషన్ నంబరు పెట్టి వెతుకుతోంది! రోగి నంబరుకి ఆరు అంకెలు, అడ్మిషన్‌కి ఏడు. ఎంత వెతికినా ఏమీ దొరకదు. దొరకకపోతే ఆ తెర ఏం చెబుతుందో తెలుసు కదా? తప్పు జరిగింది అనదు. ఆకుపచ్చ అక్షరాల్లో "అలర్జీలు లేవు" అంటుంది. పెన్సిలిన్ పడదని రాసిన ఒక ఉత్తుత్తి రోగిని పెట్టి చూశాను. లేవు అంది.

ఆ రోజే సరిచేశాను, మర్నాటికల్లా ఏడు చోట్లకీ వెళ్ళిపోయింది. మా మేనేజరు మాత్రం "సరైపోయింది కదా, ఇక దాని గురించి ఎవరితోనూ అనక్కర్లేదు" అన్నారు. అదే మింగుడు పడటం లేదు.

నాకు తెలిసినంతలో మొదట్లో రోగి నంబరే అడ్మిషన్ నంబరు, తర్వాత విడదీశారు. అప్పుడు వార్డు మార్పు క్వెరీని ఎవరు చూశారో గుర్తుందా బాబాయీ?

నీ కొక్కెం


ఇల్లు
జూలై 28

చిరంజీవి కొక్కేనికి,

చుక్కలు మార్చారు. కొత్తవి మండుతున్నాయి. ఎక్కువ రాయలేను.

నంబర్లు విడదీసింది నేనే. ఒక శని ఆదివారాల్లో చేసి తీరాలన్నారు. ముప్పై ఎనిమిది క్వెరీలు చేత్తో మార్చాను. ఒకటి తప్పిపోయి ఉంటుంది. సరిచేశావు కాబట్టి ఇక వదిలెయ్యి. మీ మేనేజరు చెప్పింది సబబుగానే ఉంది. తవ్వినకొద్దీ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. మందుల చార్టు తెరకి మాత్రం చెయ్యి పెట్టకు, అది ఎప్పట్నించో సరిగ్గానే ఉంది.

పిన్ని అడిగానని చెప్పమంది.

బాబాయి


ఆఫీసు
ఆగస్టు 11

బాబాయి గారికి,

మందుల చార్టు గురించి నేను మిమ్మల్ని అడగలేదు.

ఎందుకు రాశారా అని రెండు రోజులు ఆలోచించి, ఆ ఫైలు పాత మార్పులు తీసి చూశాను. అందులోనూ ఇదే తప్పు ఉండేది. రోగి నంబరు చోట అడ్మిషన్ నంబరు. పదహారేళ్ళ కిందట, మార్చి మూడో తేదీన సరిచేశారు. మార్చినవారు మీరు. ఎందుకు మార్చారో రాయాల్సిన చోట రెండే మాటలున్నాయి: "చిన్న సవరణ".

మొన్న మీరు పనిచేసిన పాత ఆసుపత్రికి వెళ్ళాను. వార్డు మార్పు తెర బాగుపడిందని హెడ్ నర్సుకి చూపిద్దామని. ఆవిడ తెర వంక కూడా చూడలేదు.

"దాన్ని మేమెవరం నమ్మం తల్లీ. కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజే చెబుతాం, కాగితం చూడండి, తెర చూడకండి అని."

"ఎందుకండీ?" అన్నాను.

"మా సీనియర్ సిస్టర్ని నిలువునా ముంచింది ఆ కంప్యూటరేగా. అప్పుడు నేను కొత్త. ఒక బడి పంతులమ్మకి ఆపరేషనైంది. సిస్టర్ మందుల చార్టు తెరిచి చూసి, ఏమీ లేవని ఉంటేనే ఇంజెక్షన్ ఇచ్చింది. అరగంటలో ఆవిడ ప్రాణం పోయింది. తీరా చూస్తే ఆ మందు పడదని చేరిన రోజే రాయించుకుందట. 'నేను చూశాను, లేవని ఉంది' అని సిస్టర్ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఎవరు వింటారు? విచారణ రోజు కంప్యూటరాయన వచ్చి అందరి ముందూ అదే తెర తెరిచాడు. ఎర్రటి అక్షరాల్లో కనబడుతోంది అలర్జీ. ఇంకేముంది, చూడకుండా ఇచ్చి, పైగా అబద్ధమాడుతోందన్నారు. ఉద్యోగం తీసేశారు, లైసెన్సూ పోయింది."

విచారణ ఎప్పుడు జరిగిందని అడిగాను. వాళ్ళ ఫైల్లో తేదీ ఉంది. అదే ఏడాది, మార్చి నాలుగు.

ఆ కంప్యూటరాయన ఎవరని మాత్రం నేను అడగలేదు. మీ నోటితోనే చెప్పండి.

ఇట్లు


ఇల్లు
ఆగస్టు 30

అమ్మా,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. పుట్టి బుద్ధెరిగాక నన్ను నువ్వెప్పుడూ "మీరు" అనలేదు. సంతకం కూడా చెయ్యలేదు. సరే, అది నాకు తగినదే.

ఆ కంప్యూటరాయన్ని నేనే.

పంతులమ్మ పోయిందని విన్నప్పుడు నాకేమీ అనుమానం రాలేదు. నర్సు చూసుకోలేదట అన్నారు, అయ్యో అనుకున్నాను. మార్చి మూడున కబురొచ్చింది, రేపు విచారణలో ఆ తెర చూపించాలి రండి అని. నలుగురిలో తడబడకుండా ముందు ఒకసారి చూసుకుందామని అప్పుడే పంతులమ్మ చార్టు తెరిచాను. ఆకుపచ్చగా ఉంది. క్వెరీ దొరకడానికి రెండు నిమిషాలు పట్టలేదు. వెంటనే సరిచేశాను. ఇంకొకరికి ఇలా కాకూడదనే చేశాను, అది నిజం. ఆ చేత్తోనే లేచి, మెట్లు దిగి, పెద్ద డాక్టరు గదికి వెళ్ళి చెప్పి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. లేచాను కూడా. వరండా చివరిదాకా వెళ్ళి మంచినీళ్ళు తాగి వెనక్కి వచ్చాను.

మర్నాడు అయిదుగురు కూర్చున్నారు. తెరవమన్నారు, తెరిచాను. ఎర్రగా కనబడింది. "ఈ తెర ఇలాగే ఉంటుందా?" అని అడిగారు. "ఇలాగే ఉంటుందండీ" అన్నాను. అబద్ధం కాదు, ఆ రోజు నుంచి ఇలాగే ఉంటుంది. "నిన్న మార్చాను" అనే రెండు మాటలు నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయాయి. సిస్టర్ ఆ తెర చూడలేదు. నన్నే చూసింది. నాకు చెవుడు వచ్చింది తర్వాత, కానీ ఆ గదిలో ఆ తర్వాత ఎవరేమన్నారో నాకొక్క ముక్క గుర్తు లేదు.

ఎందుకు చెప్పలేదంటావు. భయం. దానికి ఇంకో పేరు పెట్టి నిన్ను మోసం చెయ్యను.

మిగతా క్వెరీలు ఎందుకు వెతకలేదని కూడా అడుగుతావు, నాకు తెలుసు. వెతికితే దొరుకుతుందేమోనని వెతకలేదు. ఇంకొకటి దొరికితే ఈసారి ఏం చేస్తానో నాకే తెలియదు. అలా రిటైరయ్యేదాకా ఆ ఫైళ్ళ పక్కనుంచి నడిచి వెళ్ళాను. నిన్ను పాతవాటి జోలికి పోవద్దన్నదీ అందుకే. అది నీ మేలు కోరి ఇచ్చిన సలహా కాదు.

నీ ఉత్తరం, ఇక్కడిదాకా రాసిన ఈ ఉత్తరం రెండూ పిన్నికిచ్చాను. చదివి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చి అన్నం వడ్డించింది గానీ పలక ముట్టుకోలేదు. అయిదు రోజులైంది.

ఏం చెయ్యమంటావు?

బాబాయి


ఆఫీసు, రెండో అంతస్తు
సెప్టెంబరు 8

బాబాయికి,

నా కోపం తగ్గిందని అనుకోకు. కానీ నా సంగతి కూడా ఒకటి దాచాను. అది చెప్పకుండా నిన్ను ఏమైనా అనడానికి నాకు నోరు రావడం లేదు.

జూలైలో వార్డు మార్పు తెర సరిచేశానని రాశాను కదా. దానికి వివరం రాయాల్సి వచ్చినప్పుడు "అలర్జీలు తప్పుగా చూపిస్తోంది, నర్సులకి తెలియజేయాలి" అని రాశాను. మేనేజరు చూసి, "ఇలాంటివి రాస్తే ఏడు ఆసుపత్రుల లాయర్లూ రేపు ఇక్కడే కూర్చుంటారు, మార్చు" అన్నారు. మార్చాను. ఏమని మార్చానో తెలుసా? "చిన్న సవరణ" అని. అప్పటికి నీ ఫైలు నేను చూడనే లేదు. నెల తర్వాత అవే రెండు మాటలు నీ పేరు పక్కన చూశాను. నీకు ఉత్తరం రాసేటప్పుడు ఆ ముక్క మింగేశాను.

అందుకే ముందు నాది దిద్దుకున్నాను. ఏడు ఆసుపత్రులకీ నా పేరుతో నోటీసు పంపాను: పదహారేళ్ళకి పైగా ఈ తెర తప్పు చెప్పింది, ఆ కాలంలో వార్డు మారిన రోగుల కాగితాలు తిరగెయ్యండి అని. అడగకుండానే పంపాను. మేనేజరు పిలిచి, "ఉద్యోగం బరువైందా?" అన్నారు. "కాదండీ, ఆ రెండు మాటలు బరువయ్యాయి" అన్నాను. తీసెయ్యలేదు గానీ రెండో అంతస్తుకి మార్చారు. ఇక్కడ ప్రింటర్ల గొడవలు చూస్తున్నాను. నా టైపుల పని ఇంకొకరికి ఇచ్చారు.

రెండు ఆసుపత్రుల నుంచి తిట్లు వచ్చాయి. మీ పాత ఆసుపత్రి మాత్రం పాత విచారణని మళ్ళీ తెరుస్తామని రాసింది. నీ మార్చి మూడు నాటి మార్పు కాగితం వాళ్ళకి ఇవ్వాలి. నీకు చెప్పకుండా ఇవ్వను. కానీ ఇస్తాను.

సిస్టర్ ఇప్పుడు ముసలివాళ్ళ ఆశ్రమంలో బట్టలుతికే చోట పనిచేస్తోందట. చిరునామా వెనక పేజీలో రాశాను. ఏం చెయ్యమంటావని అడిగావు. కాగితం వాళ్ళ చేతికి అందేలోపు నువ్వు ఆవిడ దగ్గరికి వెళ్ళు.

కొక్కెం


ఇల్లు
సెప్టెంబరు 26

చిరంజీవి కొక్కేనికి,

వెళ్ళాను. పిన్ని పలక చంకన పెట్టుకుని తనూ బయల్దేరింది. నాకు సాయంగానా అంటే, "ఆవిడకి సాయంగా" అని రాసింది. ఇన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

పొడుగాటి గది. ఒకవైపు యంత్రాలు, ఒకవైపు ఉతికిన దుప్పట్లు కొండల్లా. సిస్టర్ ఒక్కత్తే మడతలు పెడుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నేను పేరు చెప్పబోయాను. అక్కర్లేదన్నట్టు చెయ్యి చూపించింది. గుర్తుపట్టింది.

నించునే చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా. మార్చి మూడు, మంచినీళ్ళు, అన్నీ. నా గొంతు ఎంత గట్టిగా వస్తోందో నాకు తెలియదు కదా. యంత్రాల దగ్గరున్న వాళ్ళంతా తిరిగి చూస్తున్నారు. సిస్టర్ మడత పెడుతూనే ఉంది. నేను చెప్పడం అయిపోయాక కూడా ఇంకో నాలుగు దుప్పట్లు మడిచింది. ఆఖరిది మాత్రం మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. కాళ్ళమీద పడదామని వంగితే పిన్ని నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత అంది, అలా పడితే లేపే పని కూడా ఆవిడ నెత్తినే పడుతుందని. నిజమే.

సిస్టర్ పలక తీసుకుని రాసింది. "ఇది నాకు చెప్పి ఏం లాభం? నేను చూశానని నాకు తెలుసు. అప్పుడు ఎవరి ముందు చెప్పలేదో వాళ్ళ ముందు చెప్పండి." రాసి, "నాకు తెలుసు" అన్న మాటల మీద వేలు పెట్టి చాలాసేపు చూసుకుంది. ఎందుకో తెలియలేదు.

మార్పు కాగితం వాళ్ళకి ఇచ్చెయ్యి. నా సంతకంతో వాంగ్మూలం కూడా జతచేశాను. తారీఖు ఎప్పుడో చెబితే వస్తాను.

పంతులమ్మ భర్తకి కూడా రాశాను. ఇల్లు మారారని ఉత్తరం తిరిగొచ్చింది. వెతుకుతున్నాను.

బాబాయి


ఆఫీసు, రెండో అంతస్తు
నవంబరు 19

బాబాయికి,

నిన్న విచారణలో నువ్వు వాంగ్మూలం చదవడం అవగానే నిన్ను బయట కూర్చోమన్నారు కదా. ఆ తర్వాత లోపల ఏమైందని పిన్ని స్టేషన్లో పదిసార్లు అడిగింది. రైలు వచ్చేసింది, చెప్పలేకపోయాను. మార్పు కాగితం తెచ్చినదాన్ని కాబట్టి నన్ను ఉండనిచ్చారు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

నువ్వు బాగానే చదివావు. ఎక్కడా గొంతు తగ్గించుకోలేదు. "ఇలాగే ఉంటుందండీ అన్నాను" అన్న చోట ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఆ వాక్యం చదివావు. అయిదుగురిలో ఒకాయన అప్పటి విచారణలో కూడా ఉన్నాడట. ఆయన తల ఎత్తలేదు.

తర్వాత సిస్టర్ని మాట్లాడమన్నారు. లేచి నించుంది. అప్పుడు అంది:

"మొదటి రెండేళ్ళూ కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పానండి, నేను చూశాను, లేవని ఉంది అని. తర్వాత చెప్పడం మానేశాను. మానేశాక నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా చూశానా? పక్క మంచం వాళ్ళది చూశానా? కళ్ళు మూసుకుంటే ఒకరోజు ఆకుపచ్చగా కనబడేది, ఒకరోజు ఎర్రగా. పోనుపోను ఎర్రగానే కనబడేది. చివరికి ఒప్పేసుకున్నాను. చూడకుండా ఇచ్చాను, ఆవిణ్ణి నేనే చంపాను అని. పదేళ్ళనించీ అలాగే బతుకుతున్నాను. మొన్న ఈయనొచ్చి చెబితే, నాకు తెలుసని రాసిచ్చాను. అబద్ధం. నాకు తెలియదు. మర్చిపోయాను."

అయిదుగురిలో పెద్దాయన, లైసెన్సు తిరిగి ఇమ్మని సిఫారసు చేస్తామన్నాడు. "మీకింకేం కావాలో చెప్పండి" అన్నాడు.

"మీరు రాసే కాగితంలో 'సాంకేతిక పొరపాటు' అని రాస్తారు. అలా రాయకండి. 'ఆ రోజు ఆ తెర మీద అలర్జీలు లేవని ఉంది, సిస్టర్ చూసింది' అని రాయండి."

ఆయన అలాగే రాశాడు. చదవమంది. చదివాడు. మళ్ళీ చదవమంది. రెండోసారి ఆయనతో పాటు ఆవిడ పెదాలు కూడా కదిలాయి.

నీ గురించి కూడా అడిగారు. వాంగ్మూలం ఇచ్చినాయన బయట ఉన్నారు, ఆయనతో ఏమైనా చెబుతారా అని. నువ్వు ఎంత బాధపడుతున్నావో ఎవరో చెప్పబోయారు కూడా. సిస్టర్ అడ్డం వచ్చింది.

"ఆయన్ని క్షమించాలా వద్దా అన్నది తర్వాత చూసుకుంటానండి. ముందు నన్ను నేను నమ్ముకోనివ్వండి" అంది.

నీకు ఊరట కలుగుతుందని ఇది రాయలేదు బాబాయీ. నీకు వినబడలేదు కాబట్టి రాశాను.

నీ కొక్కెం